వంశావళి, ఓడపట్టీ, ఇంటిపేరు

వంశచరిత్రల మాట ఎత్తితే అభ్యుదయవాదులకు ఒక జంకు. గోత్రం, ప్రవర, వంశవృక్షం అన్న మాటలు చెవిన పడగానే అవి భూస్వామ్యవ్యవస్థ వదిలిపోయిన చెత్త అనీ, ఊడ్చి పారెయ్యవలసిందే తప్ప తవ్వి చూడవలసిన పని లేదనీ అనుకుంటాం. ఈ జంకుకు కారణం లేకపోలేదు. కులసంఘాలవారు అచ్చువేయించే వంశచరిత్రలు చూడండి: ప్రతి కులమూ ఏదో ఒక రాజవంశం నుంచి దిగివచ్చినదే. గుర్రమెక్కిన తాతలే తప్ప గొడ్లు కాచిన తాత ఒక్కడూ అందులో కనపడడు. ఇటువంటి పుస్తకాలను విమర్శకుడు పట్టించుకోకపోవటమే వాటికి చేయగల మర్యాద.

అయితే ఇటీవలి కాలంలో మరొక జాతి వెతుకులాట బయలుదేరింది. మారిషస్‌లో మోకా అనే ఊళ్లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఒప్పందకూలీలుగా ఆ దీవికి వచ్చినవారి రిజిస్టర్లు అక్కడ భద్రపరిచారు. అక్కడికి వెళ్లి, తమ ముత్తాత కూలినంబరు చెప్పి, ఆయన ఏ ఊరివాడో చూసి చెప్పమని అడిగే తెలుగువారున్నారు. దక్షిణాఫ్రికాలో నటాల్ ఓడపట్టీలను వెతుక్కునేవారూ ఉన్నారు. కెనడాలో క్విబెక్ ప్రాంతపు ఫ్రెంచివారు ఇంతకన్న ఎంతో ముందునుంచీ ఈ పనిలో ఉన్నారు. పదకొండు పన్నెండు తరాల పేర్లు వరుసగా అప్పజెప్పగలవారు వారిలో అరుదు కాదు. వీరందరిదీ భూస్వామ్య వ్యామోహమేనా? అందరినీ ఒకే గాటను కట్టవచ్చునా? కట్టకూడదని నా అభిప్రాయం. ఎందుకు కట్టకూడదో చెప్పాలంటే మన సాహిత్యం దగ్గర్నుంచే మొదలుపెట్టాలి. తెలుగు కావ్యం పుట్టిననాడే వంశవర్ణన దానితోపాటు పుట్టింది గనుక.

రాజరాజనరేంద్రుడు నన్నయను భారతం తెనిగించమని కోరటానికి ఒక ముఖ్యకారణం, పాండవులు తన వంశంవారన్నది. అంటే మన తొలికావ్యం ఒక రాజు తన తాతల కథ చెప్పించుకోవటంతో ప్రారంభమైంది. ఆ తర్వాత అవతారిక అన్నది ఒక సంప్రదాయంగా స్థిరపడింది. కృతిపతి వంశాన్ని సూర్యుడి దగ్గర్నుంచో చంద్రుడి దగ్గర్నుంచో మొదలుపెట్టి, నడుమ ఐతిహ్యపురుషులను దాటించి, చివరకు కవికి అగ్రహారమిచ్చే మనిషి దగ్గరకు తీసుకువస్తారు. మన నెల్లూరి సీమనే తీసుకుందాం. తిక్కన నిర్వచనోత్తర రామాయణంలో మనుమసిద్ధి వంశాన్ని వర్ణించాడు. కేతన దశకుమారచరిత్రను తిక్కనకే అంకితమిచ్చి, ఆ కొట్టరువువారి వంశాన్ని వర్ణించాడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయ్యసెట్టికి అంకితమిచ్చాడు. ఈ సెట్టి నెల్లూరివాడు, సముద్రవ్యాపారి. కర్పూరం, గుర్రాలు, ఏనుగులు, ముత్యాలు, చీనాపట్టు ఏ ఏ దీవుల నుంచి ఏ ఏ రేవుల నుంచి ఆయన తెప్పించేవాడో శ్రీనాథుడు ఊళ్ల పేర్లతో సహా చెప్పాడు. ఓడలో వచ్చిన సరుకు పేరు మనకు తెలుసు, సరుకు దించుకున్న సెట్టి వంశం తెలుసు. మూట మోసిన మనిషి మాత్రం ఆ పద్యాల్లో లేడు. శ్రీశ్రీ తాజమహల్ కూలీల గురించి వేసిన ప్రశ్న మన కావ్యావతారికలన్నిటికీ వెయ్యదగిన ప్రశ్నే.

అవతారిక చాలనప్పుడు వంశావళి వస్తుంది. వెంకటగిరి జమీందారుల వంశచరిత్ర ‘వెలుగోటివారి వంశావళి’ని నేలటూరి వేంకటరమణయ్యగారు పరిష్కరించగా 1939లో మద్రాసు విశ్వవిద్యాలయం ప్రచురించింది. చరిత్రకారుడికి అది పనికివచ్చే గ్రంథమన్నదాంట్లో సందేహం లేదు. యుద్ధాలు, బిరుదులు, దానాలు, ఎవడు ఎవణ్ణి చంపాడన్న వివరాలు అందులో కుప్పలుగా ఉన్నాయి. అయితే అదే సంస్థానపు భూములు దున్నినవారి సంగతి తెలుసుకోవాలంటే మరొకచోటికి వెళ్లాలి. నెల్లూరు నుంచి వెలువడిన ‘జమీన్ రైతు’ పత్రిక ఆ రైతుల పక్షాన మాట్లాడింది. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం చేసినదాకా ఆ పోరాటం సాగింది. వంశావళికి ఆ రైతు పేరు అక్కరలేదు. శిస్తు చాలు. బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి 1905లో మూడు సంపుటాలుగా వెలువరించిన నెల్లూరు జిల్లా శాసనాల్లో ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాల శాసనాలు తిరగేసినా ఇదే తీరు. దాత పేరు, దాత తండ్రి పేరు, ఏలే రాజు పేరు రాయి మీద ఉంటాయి. చెరువు తవ్వించినవాడు ఉంటాడు, తవ్వినవాడుండడు.

ఇంత చెప్పి, పేదవాడికి పూర్వీకుల గుర్తే లేదని తేల్చేస్తే పొరపాటు. గుర్తు ఉంది. అది ఇంటిపేరు.

ఇంటిపేరు ఎట్లా పుడుతుందో కొంచెం నిలిచి చూడవలసి ఉంది. తేళ్ల సత్యవతి, యార్లగడ్డ బాలగంగాధరరావు వంటివారు దీన్ని శాస్త్రీయంగా పరిశీలించారు. వృత్తి, వస్తువు, జంతువు, చెట్టు, శరీరలక్షణం, ఇట్లా ఎన్నో విధాలుగా ఇంటిపేర్లు వచ్చాయి. తిక్కనగారి కొట్టరువు ధాన్యపుకొట్టుకు సంబంధించినదంటారు. కానీ అన్నిటికన్న పెద్దరాశి ఊళ్లపేర్లది. ఈ ఊళ్లపేర్ల విషయంలో అందరికీ తెలిసినా ఎవరూ ఆలోచించని సంగతి ఒకటి ఉంది. కలువాయిలో ఉన్నవాణ్ణి కలువాయివాడని కలువాయిలో ఎవరూ పిలవరు. వాడు ఆత్మకూరుకో వెంకటగిరికో వెళ్లి కాపురం పెడితే, అక్కడివాళ్లు వాణ్ణి కలువాయివాడంటారు. చేజర్లవారు చేజర్లలో పుట్టలేదు. చేజర్ల వదిలిన తరువాత, రెండో ఊళ్లో, ఇతరుల నోట పుట్టారు. ఊరిపేరు మీద వచ్చిన ప్రతి ఇంటిపేరూ ఒక వలసకు గుర్తు. కరువో, దొరల దౌర్జన్యమో, అల్లరికమో, నాలుగెకరాల ఆశో, ఏదో ఒకటి ఆ కుటుంబాన్ని కదిలించింది. కదిలిన సంవత్సరం ఎవరూ రాసిపెట్టలేదు గాని, బయలుదేరిన చోటు మాత్రం మనిషి పేరుకు ముందు నిలిచిపోయింది.

వ్యాకరణం కూడా ఈ మాటే చెబుతుంది. పొదలకూరు అన్నది ఊరు, పొదలకూరి అన్నది ఇంటిపేరు. పాడు పాటి అవుతుంది, కూరు కూరి అవుతుంది. ఔపవిభక్తికరూపం అది, ‘యొక్క’ అన్న అర్థం దాన్లోనే ఇమిడి ఉంది. అవతారికలో కవి కృతిపతికి షష్ఠ్యంతాలు చెప్పాడు. ఇంటిపేరు పామరుడి షష్ఠి. ఆ షష్ఠికి అగ్రహారాలు రాకపోయినా, ఫలానా చోటి మనిషి అన్న గుర్తింపు మాత్రం వచ్చింది. పండితుల ఇళ్లల్లోనూ ఇది మారుతూనే వచ్చింది. గార్లపాటివారి రామకృష్ణుడు తెనాలి రామకృష్ణుడైనాడు. నంది తిమ్మన ముక్కు తిమ్మనగా లోకానికి తెలుసు. వెలుగోటివారి ఇంటిపేరు కూడా వెలుగోడు అన్న ఊరి వల్ల వచ్చిందే అంటారు. జమీందారు సైతం ఒకప్పుడు ఎక్కణ్ణుంచో వచ్చినవాడేనన్న సంగతిని ఆయన బిరుదులన్నీ కప్పిపుచ్చినా ఇంటిపేరు దాచలేదు.

ఇప్పుడు క్విబెక్ వైపు ఒకసారి చూడటం మన విషయానికి అవసరం. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు నుంచి కెనడాకు వెళ్లి స్థిరపడినవారు కొద్దివేలమంది మాత్రమే. 1665లో కారిన్యాన్ సాలియేర్ అనే పటాలం వెళ్లింది. అందులో సుమారు నాలుగువందలమంది అక్కడే ఉండిపోయారు. 1663 నుంచి 1673 దాకా ఫ్రెంచిరాజు ఖర్చుమీద దాదాపు ఎనిమిదివందలమంది యువతులను పెళ్లిళ్ల కోసం అక్కడికి పంపారు. సిపాయిలకు పటాలంలో మారుపేర్లుండేవి. పువ్వు అన్న అర్థంలో లాఫ్లర్, చీకూచింతా లేనివాడన్న అర్థంలో సాన్సూసీ, ఇట్లాంటివి. ఊరిమీద వచ్చిన పేర్లూ ఉన్నాయి. ఆంజూ ప్రాంతం నుంచి వచ్చినవాడు లాంజ్‌వాన్, పికార్డీ వాడు పికార్. ఆంజూలో ఎవణ్ణీ లాంజ్‌వాన్ అనరు గదా! కలువాయి సూత్రమే అక్కడా పనిచేసింది. అసలుపేరుకూ ఈ రెండోపేరుకూ నడుమ ‘అనబడే’ అన్న అర్థమిచ్చే ‘డీ’ అనే చిన్నమాట చేర్చి చర్చి పుస్తకంలో పాదిరి రెండూ రాసేవాడు. కాలక్రమాన ఒక కొడుకు మొదటిపేరు, ఇంకొక కొడుకు రెండోపేరు పట్టుకుపోయినందువల్ల అన్నదమ్ముల సంతానం వేరువేరు ఇంటిపేర్లవారైన సందర్భాలు కొల్లలు. ఈ చిక్కులన్నీ విప్పుతూ సిప్రియెన్ తాంగే అనే మతగురువు 1871 నుంచి 1890 వరకు ఏడు సంపుటాల వంశనిఘంటువు వేశాడు. పేదరైతు, సిపాయి, వడ్రంగి అందరికీ అందులో చోటుంది. మన వంశావళితో పోలిస్తే ఇది ఎంతో ప్రజాస్వామికమైన గ్రంథమని ఒప్పుకోవాలి.

ఇంకొక విశేషం. ఆ చర్చి పుస్తకాల్లో స్త్రీ పెళ్లయినా పుట్టింటి పేరుతోనే ఉంటుంది, చనిపోయినప్పుడు కూడా ఆ పేరుతోనే రాస్తారు. నడుమ కొంతకాలం భర్తపేరుతో పిలిపించుకునే అలవాటు వ్యాపించినా, 1981 నుంచి క్విబెక్ చట్టం భార్య తన పుట్టింటి పేరే వాడాలని నిర్ణయించింది. మన ఆడపిల్ల తాళి పడిననాడే ఇంటిపేరు మార్చుకుంటుంది. అంటే మన ఇంటిపేరు కాపాడే వలసచరిత్ర సగం జనాభాది మాత్రమే. మగవాడి వలస పేరులో మిగులుతుంది. మెట్టినింటికి వెళ్లిన స్త్రీ వలస, నిజానికి అందరి వలసలకన్న సర్వసాధారణమైన వలస, పేరులోనుంచి తుడిచివేయబడుతుంది. అందువల్లనే, తండ్రి కేసనసెట్టి పేరు చెప్పుకుని, తన మాట తానే చెప్పుకున్న ఆతుకూరి మొల్ల మన కవయిత్రుల్లో అంత ప్రత్యేకంగా కనిపిస్తుంది. ఏ రాజు వంశాన్నీ వర్ణించకుండా రామాయణం చెప్పిన కుమ్మరి కులపు స్త్రీ ఆమె.

క్విబెక్ పుస్తకాలను ఇంతగా మెచ్చుకున్నాం గనుక వాటి రెండోపక్క కూడా చూడాలి. ఆ పుస్తకాల్లోనే బానిసలూ ఉన్నారు. పట్టి తెచ్చిన ఆదివాసులను ‘పానీ’ అనే ఒకే మాటతో రాసేవారు. ఏ తెగ అన్నది కూడా చాలాచోట్ల చెప్పరు. బాప్తిస్మంలో ఒక క్రైస్తవనామం, యజమాని పేరు, అంతే. మార్సెల్ త్రుదెల్ అనే చరిత్రకారుడు 1960లో వెలువరించిన గ్రంథంలో ఫ్రెంచి కెనడా బానిసలను లెక్కవేశాడు. వేలసంఖ్యలో ఉన్నారు, వారిలో ఎక్కువమంది ఆదివాసులే. ఒకే సిరా, ఒకే పుస్తకం, ఒకే పాదిరి. స్థిరపడటానికి వచ్చిన సిపాయికి రెండు పేర్లు, వాడు ఎవరి నేలమీద స్థిరపడ్డాడో వారికి సగం పేరు. కాగితం నిష్పక్షపాతి అనుకునే పరిశోధకులు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకుంటే చాలు.

అదే ఫ్రెంచిజెండా హిందూమహాసముద్రంలోనూ ఎగిరింది. మారిషస్ 1810 దాకా ఫ్రెంచివారిది. బ్రిటిషువారి చేతికి వచ్చిన తరువాత కూడా తోటల యజమానులు, భాష, ఆచారాలు చాలావరకు ఫ్రెంచివిగానే మిగిలాయి. పక్కనున్న బూర్బన్ దీవి, ఇప్పటి రెయూనియన్, ఈనాటికీ ఫ్రాన్సుదే. ఆ దీవికి 1828లో మొట్టమొదట కూలీలుగా వెళ్లినవారు యానాం నుంచి ఓడెక్కిన తెలుగువారు. బానిసత్వం ఇంకా రద్దుకాని రోజులవి. 1848 డిసెంబరు 20న అక్కడ బానిసలకు విముక్తి ప్రకటించినప్పుడు, అరవైవేలకు పైగా మనుషులకు ఇంటిపేర్లు లేవన్న సంగతి ప్రభుత్వానికి ఎదురైంది. గుమాస్తాలు కూర్చుని పేర్లు కల్పించి పుస్తకంలో రాశారు. స్వేచ్ఛ, ఇంటిపేరు ఒకే కాగితంమీద వచ్చాయి; రెండిట్లోనూ ఎన్నుకునే హక్కు మాత్రం ఆ మనుషులకు లేదు. మన దేశంలోని ఫ్రెంచి స్థావరాల్లో 1881 నాటి ఆజ్ఞ దీనికి మరొక రూపం. హిందూ, మహమ్మదీయ ఆచారచట్టాలను వదులుకుని ఫ్రెంచి పౌరచట్టం కిందికి వచ్చేవారు తప్పనిసరిగా ఒక కుటుంబనామం పెట్టుకోవాలన్నారు. పుదుచ్చేరిలో అణగారిన కులాలవారు చాలామంది ఈ అవకాశాన్ని వాడుకున్నారు. కులం చెప్పని పేరు దొరుకుతుందంటే వదులుకునేదెవరు?

తెలుగుకూలీ ఓడెక్కిన రేవుల్లో కోరంగి ఒకటి. మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాణ్ణి ‘కోరంగి’ అనే పిలిచారు. ఆ మనిషి విశాఖవాడో, నెల్లూరివాడో ఎవరికీ అక్కరలేదు. చూడండి, ఇంటిపేరు పుట్టే పాత పద్ధతి ఇక్కడ కూడా పనిచెయ్యబోయింది: బయలుదేరిన చోటును బట్టి పిలవటం. కానీ ఒక్కొక్క ఇంటికీ దక్కవలసిన గుర్తు మొత్తం జనానికి అంటగట్టిన ముద్రగా మారింది. 1834 నుంచి మారిషస్‌కు వెళ్లిన భారతీయ కూలీలు దాదాపు అయిదు లక్షలమంది. నటాల్‌కు మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ 1860 నవంబరు 16న చేరింది. 1911లో ఆ వలస ఆగేనాటికి 1,52,184 మంది అక్కడికి వెళ్లారు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన మహాకరువులో నెల్లూరు జిల్లా కూడా మాడింది. కరువుకూ ఓడకూ ఉన్న బంధుత్వాన్ని మన సాహిత్యచరిత్రలు గుర్తించలేదు. ఆ రోజుల్లో మన కవులు ఏం రాస్తున్నారో సాహిత్యవిద్యార్థులకు తెలుసు: అష్టావధానాలు, శ్లేషలు, జమీందారు పుట్టినరోజు పద్యాలు.

కవి రాయని పేరు గుమాస్తా రాశాడు. ఈ విచిత్రాన్ని విమర్శకుడు తప్పుకుని పోలేడు. తాజమహల్ కూలీల పేర్లు ఏ పట్టీలోనూ మనకు మిగల్లేదు. చెరుకుతోటల కూలీల పేర్లు మాత్రం లక్షల సంఖ్యలో భద్రంగా ఉన్నాయి. ప్రేమతో రాసినవి కావవి. మనిషి పారిపోతే పట్టుకోవటానికి, చస్తే లెక్క తీసెయ్యటానికి రాసినవి. కూలినంబరు, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది మచ్చలు, ఎత్తు, దగ్గరి బంధువు. కొన్నాళ్లకు మారిషస్‌లో ఫొటోలు కూడా తీశారు. ఇన్ని గళ్లున్న ఆ పట్టీలో కులానికి గడి ఉంది, ఇంటిపేరుకు గడి లేదు.

ఈ ఒక్క గడి లేకపోవటం వల్ల ఏం జరిగిందో చూడండి. మారిషస్‌లో తండ్రి పేరే బిడ్డకు ఇంటిపేరైంది. కొన్ని కుటుంబాల్లో తరానికొక ఇంటిపేరు మారి, ఆ తరువాత ఎక్కడో ఒకచోట గడ్డకట్టింది. అందుకే అక్కడ ముత్తాతను వెతికేవాడికి పేరుకన్న నంబరే గట్టి ఆధారం. దక్షిణాఫ్రికాలో మరొక దారి పట్టింది. నాయుడు, రెడ్డి వంటి కులసూచకాలు ఇంటిపేర్లుగా నిలిచాయి. ఆ తరువాత నాయుడు అన్నది అక్కడ ఎంతగా వ్యాపించిందంటే, చాలా సందర్భాల్లో అది కులం చెప్పటానికే పనికిరాని పేరైపోయింది. కులం గడి పెట్టిన గుమాస్తా చూస్తే ఏమనుకునేవాడో గాని, మనకు సంతోషించదగ్గ విషయమే.

మారిషస్ తెలుగువారిలో ‘అప్పాడూ’ అనే ఇంటిపేరు బాగా ప్రసిద్ధం. అది మన అప్పడు. -డు అన్న ఆ చివరి అక్షరంలో ఒక సామాజికచరిత్ర ఉంది. మన పల్లెల్లో భూమి ఉన్నవాడు అప్పయ్య, అప్పారావు, అప్పలరాజు. కూలివాడు అప్పడు, అప్పిగాడు. డిపోలో గుమాస్తా పేరు అడిగితే, ఆ మనిషి జీవితమంతా తన్ను ఎట్లా పిలిచారో అదే చెప్పాడు. దొర నోటి పిలుపు పట్టీకెక్కి, సముద్రం దాటి, కుటుంబనామమై, ఇవాళ పోర్ట్‌లూయీలో పంతుళ్ల పేరుగా, వకీళ్ల పేరుగా గౌరవంగా వినిపిస్తున్నది. ఆ డుకారానికి అక్కడ అవమానం అంటదు. ప్రత్యయార్థం మారటానికి వ్యాకరణం చదవనక్కరలేదు, దొర లేని చోటికి వెళితే చాలునని నా విద్యార్థులకు చెబుతుంటాను. (దొరలు అక్కడా ఉన్నారు. తెలుగుదొరలు లేరు, అంతే తేడా.)

ఇంటిపేరు పోయినంతమాత్రాన అన్ని ఆధారాలూ పోలేదు. మన జనం పెట్టుకునే పేర్లలో ఒక భూగోళం ఉన్నది. పెంచలయ్య, పెంచలమ్మ అన్నారంటే అది పెంచలకోన నరసింహస్వామిని కొలిచే నెల్లూరు, కడప సీమ. వెంగయ్య, వెంగమ్మ అన్న పేర్లు ఉదయగిరి వైపు గుంపుగా వినబడితే నర్రవాడ వెంగమ్మ పేరంటాలు గుర్తుకు రావాలి. మస్తానయ్య అన్న పేరు దర్గాకు మొక్కుకున్న హిందువు ఇంట పుట్టిన బిడ్డది. మతం గడి నింపే గుమాస్తాకు అది పెద్ద తలనొప్పి అయ్యుండాలి. సింహాచలం, అప్పన్న అంటే ఉత్తరాన విశాఖ వైపు. ఈ పేర్లు పెట్టినవారికి అవతారికలు చెప్పే కవులు లేరు. గ్రామదేవతలు, పేరంటాళ్లు, పీర్లు ఉన్నారు. మన ఊళ్లపేర్లు, కోనలపేర్లు బిడ్డల పేర్లలో దాచుకున్నారు. తాతపేరు మనుమడికి పెట్టే ఆచారం దీనికి తోడైంది. ఒక తరం విడిచి ఒక తరానికి అదే పేరు తిరిగివస్తుంది గనుక, పట్టీలో వరుస తెగినచోట ముడివెయ్యటానికి అదొక దారం. క్విబెక్‌లో పరిస్థితి దీనికి విరుద్ధం. మగపిల్లలందరూ జోసెఫ్‌లు, ఆడపిల్లలందరూ మేరీలు; అక్కడ ఇంటిపేరు లేకపోతే అడుగు ముందుకు పడదు.

స్త్రీల విషయంలో ఈ కూలిపట్టీ, తనకు తెలియకుండానే, మన వంశావళికన్న ఒక మంచిపని చేసింది. వంశావళిలో స్త్రీ ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి. ఓడపట్టీలో ఆమెకు తన నంబరు, తన తండ్రిపేరు, తన ఊరు ఉన్నాయి. పెళ్లయిన వెంగమ్మ అయినా, ఒంటరిగా డిపోకు వచ్చిన వెంగమ్మ అయినా సరే. కూలీగా లెక్కపెట్టారు గనుకనే మనిషిగా రాశారు. పెట్టుబడిదారీ విధానం తన అవసరం కోసం పాతబంధాలను తెంచుతుందన్న సూత్రానికి ఇంతకన్న పచ్చిగా కనిపించే ఉదాహరణ నేను చూడలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. వంశకథనం పైకులాల సొత్తే అయినప్పుడు, కూలివాడి మనుమడు దానికోసం పాకులాడటం పైకులాలను అనుకరించటమే గదా అని. ప్రశ్నలోని మొదటి సగమే తప్పు. కాపులకు పిచ్చిగుంట్లవారు గోత్రాలూ ఇంటిపేర్లూ చెప్పినట్టే, మాదిగలకు డక్కలివారు చెప్పారు. జాంబపురాణం పటం విప్పి చెప్పారు. మాలలకు మాష్టీలున్నారు, పద్మశాలీలకు కూనపులివారున్నారు. ఊరికి దూరంగా పెట్టిన వాడలో సైతం తాతలపేర్లు చెప్పేవాడు ఏటా వచ్చి వర్తన తీసుకునిపోయాడు. పులికొండ సుబ్బాచారి వంటివారు ఈ ఆశ్రితవ్యవస్థ మీద, కులపురాణాల మీద పరిశోధించి మన కళ్లు తెరిపించారు. ఈ వ్యవస్థను నెత్తిన పెట్టుకోమని నేననటం లేదు. కులాన్ని నిలబెట్టటంలో దానికీ వాటా ఉంది. కానీ జ్ఞాపకం అన్నది బ్రాహ్మణుడి తాటాకులోనే ఉన్నదనుకోవటం మనం చదివిన సాహిత్యచరిత్రలు నేర్పిన దురలవాటు. ఓడెక్కినవాడు పోగొట్టుకున్నవాటిలో డక్కలివాడు ఒకడు. ఒప్పందంలో అతడికి చోటు లేదు.

తెలుగుపాఠకులు అలెక్స్ హేలీ రాసిన ‘రూట్స్’ను సహవాసి అనువాదంలో, ‘ఏడుతరాలు’గా, విరగబడి చదివారు. మూలం 1976లో వచ్చింది. మన వామపక్ష విద్యార్థులు కుంటా కింటే పేరుతో పరిచయం లేకుండా పెరగటం అరుదు. తన పేరు తనదేనని కొరడాకు ఎదురు నిలిచిన ఆ ఘట్టం చదివి కన్నీరు పెట్టనివారెవరు? హేలీ వంశపరిశోధనలో తప్పులున్నాయని తరువాత చరిత్రకారులు చూపించారు. గాంబియాలో పూర్వీకుల కథ చెప్పిన గ్రియో మాటల మీద కూడా సందేహాలు వెలిబుచ్చారు. నా దృష్టిలో దానివల్ల నవలకు వచ్చిన నష్టం తక్కువ. మనకు వచ్చిన నష్టం వేరే ఉంది. గ్రియోను చూసి ఆశ్చర్యపోయిన మనం, మన వాడకు వచ్చే డక్కలివాణ్ణి బిచ్చగాడన్నాం. కుంటా కింటే కోసం ఏడ్చిన మనం, కోరంగిలో ఓడెక్కిన అప్పడి కోసం ఒక నవల రాసుకోలేదు. అభ్యుదయసాహిత్యం కూలివాణ్ణి కావ్యనాయకుణ్ణి చేసింది, అది దాని ఘనత. కానీ ఆ కూలివాడు ఎక్కువగా ఇంటిపేరు లేనివాడు, ఊరు లేనివాడు, ఒక చిహ్నం. గుమాస్తా పట్టీలోని మనిషికి మోకాలిమీద మచ్చ ఉంది, అయిదడుగుల ఎత్తు ఉంది, తండ్రి ఉన్నాడు. మన కవితలోని కూలికి పిడికిలి తప్ప మరేదీ లేదు. ఈ మాట మనవాళ్లకు కష్టంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను.

కాబట్టి మోకాలో నంబరు పట్టుకుని నిలబడిన మనిషినీ, కులసంఘం సావనీరులో సూర్యవంశం వెతికే మనిషినీ ఒకే గాటను కట్టకూడదు. ఒకడు తన తాత చేసిన పని లెక్క అడుగుతున్నాడు, ఇంకొకడు తన తాత చెయ్యని పని దాచుకుంటున్నాడు. మొదటివాడి దారిలోనూ గోతులున్నాయి. ఊరు తెలిసిన తరువాత, ఆ ఊరి గుడిధర్మకర్తో, పెద్దకాపో తన బంధువైతే బాగుండునని ఆశపడటం సహజం. ఆ ఆశకు వంతపాడే మధ్యవర్తులూ తయారవుతారు. పట్టీలో కులం గడిలో ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఒప్పుకోగలిగినవాడికే ఈ వెతుకులాట వల్ల ప్రయోజనం.

మన వంతు పని ఒకటి మిగిలి ఉంది, అది ఇక్కడివారు తప్ప మరొకరు చెయ్యలేనిది. పట్టీల్లో ఊళ్లపేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, గుమాస్తా చెవికి వినిపించినట్టుగా ఉన్నాయి. కొత్తపల్లి, చింతలపాలెం వంటి పేర్లు జిల్లాకు పదేసి ఉంటాయి. మెకంజీ కైఫీయత్తుల్లో ఉండి తరువాత పాడుబడిన పల్లెలున్నాయి. సోమశిల జలాశయం కింద మునిగిన కడప జిల్లా ఊళ్లున్నాయి. మోకాలో కూర్చున్నవాడు వీటిని విడదీసి చెప్పలేడు. ఆత్మకూరు, ఉదయగిరి, రాపూరు ప్రాంతాల కళాశాలల్లో తెలుగు ఎం.ఏ. చదివి సిద్ధాంతవ్యాసానికి విషయం దొరకక, అచ్చయిన కవిమీదనే పదకొండో వ్యాసం రాయబోయే విద్యార్థి చెప్పగలడు. వాడవాడకూ వెళ్లి ఇంటిపేర్లు రాసుకోవాలి, ఆ ఇంటిపేరు ఏ ఊరిదో, ఆ ఊరు ఇప్పుడుందో లేదో అడగాలి. స్త్రీల పుట్టింటి పేర్లు కూడా తప్పక రాసుకోవాలి. డక్కలివాళ్లు, పిచ్చిగుంట్లవాళ్లు ఇంకా తిరుగుతున్న పల్లెలుంటే, పటం విప్పి గోత్రాలు చదివేటప్పుడు పక్కన కూర్చుని, ఆ ఇంటివాళ్లలో ఓడెక్కి పోయి తిరిగిరానివాళ్ల పేర్లేమైనా చెబుతారా అని అడగాలి. ఆ అడగటం కూడా వర్తన చేతిలో పెట్టిన తరువాతే.